టికెట్ అక్కర్లేని వేళ

విదేశాలకు వెళ్లిన తెలుగువాళ్లు పెద్ద పెద్ద చర్చిలు చూసి వస్తున్నారు. అక్కడి జనం మధ్య కూర్చుని ఒక్క ఆరాధన అయినా పూర్తిగా విని వచ్చేవాళ్లు తక్కువ. ఆ గంటలో ఏముంది? అతిథిగా వెళ్లినవాళ్లు ఎలా మెలగాలి?

లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బే చూడాలంటే మనిషికి 30 పౌండ్ల దాకా అవుతుంది. మన డబ్బుల్లో మూడు వేలు దాటుతుంది. టికెట్ కొన్నవాళ్లు చెవికి ఆడియో గైడ్ తగిలించుకుని, న్యూటన్ సమాధి దగ్గర ఓ నిమిషం, డార్విన్ సమాధి దగ్గర ఓ నిమిషం నిలబడి, 1066 నుంచి ఇంగ్లండ్ పట్టాభిషేకాలు జరుగుతున్న చోటు చూసి బయటికి వచ్చేస్తారు. ఆదివారం మాత్రం అక్కడ టికెట్లు అమ్మరు. ఆ రోజు సందర్శన లేదు. అయినా తలుపులు తెరిచే ఉంటాయి. ఆరాధనకు వచ్చామన్నవాళ్లను పైసా అడగకుండా లోపలికి తీసుకెళ్లి కూర్చోబెడతారు. ఎవరు, ఏ మతం, ఏ దేశం అన్న ప్రశ్న ఉండదు. మామూలు రోజుల్లో సాయంకాల ప్రార్థనకూ ఇదే పద్ధతి. అదే నగరంలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లోనూ అంతే.

మూడు వేలు మిగిలాయని సంతోషించే సంగతి కాదిది. టికెట్‌తో కనిపించేది రాయి, గాజు, సమాధులు. ఆ రాళ్లను ఎందుకు పేర్చారో తెలియాలంటే జనం వచ్చి కూర్చుని, పుస్తకం తెరిచి, గొంతు కలిపే వేళకు వెళ్లాలి. తిరుమల కొండెక్కి, గోపురం ముందు ఫొటో దిగి, దర్శనం చేసుకోకుండా దిగి వచ్చిన మనిషిని చూస్తే ఏమనిపిస్తుంది? ప్యారిస్‌లో నోత్ర్‌దామ్ ముందు నిలబడి ఫొటో తీసుకుని మరో చోటికి పరుగెత్తే యాత్రికుడి పరిస్థితీ అదే. 2019 ఏప్రిల్ 15న కాలిపోయి, అయిదేళ్ల మరమ్మతుల తర్వాత 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరుచుకున్న ఆ చర్చిలో రోజూ పూజలు జరుగుతున్నాయి. లోపలికి వెళ్లడానికి రుసుం లేదు.

భాష తెలియదు కదా, వెళ్లి ఏం చేస్తాం అనేవాళ్లు ఒక పాత కథ వినాలి. పదో శతాబ్దం చివర కీవ్‌ను ఏలిన వ్లాదిమీర్ తన ప్రజలకు ఏ మతం మంచిదో తేల్చుకోలేక నలుదిక్కులకూ దూతలను పంపాడట. వాళ్లు చాలా చోట్ల ఆరాధనలు చూశారు. చివరికి కాన్‌స్టాంటినోపుల్‌లోని హాగియా సోఫియాలో గ్రీకు ఆరాధన చూసి తిరిగి వచ్చి, తాము స్వర్గంలో ఉన్నామో భూమ్మీద ఉన్నామో తెలియలేదని చెప్పారట. 988లో వ్లాదిమీర్ బాప్తిస్మం తీసుకున్నాడు. దూతల కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది పండితులు తేల్చుకోవాల్సిన విషయం. పాత రష్యన్ చరిత్ర గ్రంథం మాత్రం దీన్నే రాసి పెట్టుకుంది. ఒక జాతి మతం మారడానికి కారణంగా పరదేశంలో కూర్చుని చూసిన ఒక ఆరాధనను చూపించింది.

ఇంగ్లండ్‌లో మొదటిసారి చర్చికి వెళ్లే అతిథికి ఈవెన్‌సాంగ్ అనే సాయంకాల ప్రార్థన కంటే అనువైనది మరొకటి లేదు. ముప్పావు గంటలో అయిపోతుంది. మామూలు రోజుల్లో ప్రసంగం ఉండదు. రొట్టె, ద్రాక్షారసం పంచడం ఉండదు కాబట్టి, ముందుకు వెళ్లాలా వద్దా అన్న ఇబ్బంది కూడా ఉండదు. దీనికి రూపం ఇచ్చింది ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్. మఠాల్లో సన్యాసులు పాడుకునే రెండు వేర్వేరు ప్రార్థనలను కలిపి, 1549 నాటి ప్రార్థనల పుస్తకంలో సామాన్యుల కోసం ఒక్కటిగా చేశాడు. బైబిల్లోని 150 కీర్తనలనూ నెల రోజులకు ఉదయం, సాయంత్రం పంచి పెట్టారు. కాబట్టి ఆ వరుస పాటించే చోట ఏ రోజు వెళ్లినా ఆ తేదీకి రాసిపెట్టి ఉన్న కీర్తనే వినిపిస్తుంది. రాజులు మారారు, యుద్ధాలు వచ్చిపోయాయి, పుస్తకంలో ఆ వరుస మాత్రం నిలిచి ఉంది.

గాయక బృందం రెండు పాయలుగా ఎదురెదురుగా నిలబడుతుంది. ఒక చరణం ఇటువాళ్లు, మరో చరణం అటువాళ్లు పాడతారు. ముందుగా వెళితే అతిథులను కూడా చాలా కెథెడ్రల్స్‌లో ఆ గాయకుల వెనక వరుసల్లోనే కూర్చోబెడతారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు అంత దగ్గరగా నిలబడి పాడుతుంటే, వేల మైళ్ల నుంచి వచ్చిన మనిషికి కీర్తన అర్థం ఎంత తెలిసింది అన్న లెక్క గుర్తుకు రాదు. వెస్ట్‌మినిస్టర్ అబ్బే తన గాయక బాలల కోసమే ఒక బడి నడుపుతోంది. అక్కడ చదివేది వాళ్లు మాత్రమే. కేంబ్రిడ్జ్‌లోని కింగ్స్ కాలేజీ చాపెల్‌లో 1918 నుంచి క్రిస్మస్ ముందురోజు జరిగే కీర్తనల ఆరాధనలో తొలి పాట ఒక్క బాలుడి గొంతుతో మొదలవుతుంది. పాడబోయేది ఎవరన్నది ఆ క్షణం దాకా ఆ పిల్లలకు కూడా చెప్పరు. ప్రపంచమంతా రేడియోలో వినే ఆ పాటకు ముందు భయం పెట్టుకునే వ్యవధి పిల్లవాడికి ఇవ్వకూడదన్నది గురువుల ఆలోచన.

మన ప్రాంతపు చర్చిలకూ ఆ దేశపు చర్చిలకూ బంధుత్వం ఉంది. ఆ సంగతి తెలిసి వెళితే ప్రయాణం మరోలా ఉంటుంది. 1841లో మచిలీపట్నం చేరిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ ఇంగ్లండ్ ఆంగ్లికన్ మిషనరీలు. ఆ వరుసలో పెరిగిన కృష్ణా, దోర్నకల్ ప్రాంతాల సీఎస్ఐ కుటుంబాల్లోని పెద్దలు ఈవెన్‌సాంగ్‌లో కూర్చుంటే మరియ గీతం, సుమెయోను గీతం ఎక్కడ వస్తాయో ముందే చెప్పగలరు. మెదక్ సంగతి వేరు. మెదక్ చర్చిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు. 1914లో పని మొదలుపెట్టి, కరువులో అల్లాడుతున్న జనానికి ఆ పనితోనే తిండి చూపించి, 1924 డిసెంబర్ 25న ఆరాధనకు తెరిచారు. ఆ సంఘానికి మూలమైన చాపెల్ లండన్‌లో సిటీ రోడ్డు మీద ఉంది. జాన్ వెస్లీ 1778లో కట్టించినది. పక్కనే ఆయన ఇల్లు, వెనక తోటలో సమాధి. ఆదివారం అక్కడ ఆఫ్రికా, కరీబియన్, ఆసియా దేశాల మనుషులు ఒకే వరుసలో కూర్చుని కనిపిస్తారు. లండన్ వెళ్లే తెలుగువాళ్ల పట్టికలో మేడమ్ టుస్సాడ్స్ తప్పకుండా ఉంటుంది. మెదక్, సిద్దిపేట, నిజామాబాద్ నుంచి వెళ్లేవాళ్లయినా ఈ చాపెల్‌ను ఆ పట్టికలో చేర్చుకోవాలి.

అట్లాంటిక్ దాటితే కథ ఇంకా గాఢంగా ఉంటుంది. న్యూయార్క్ హార్లెమ్‌లో 138వ వీధిలోని అబిసీనియన్ బాప్టిస్టు చర్చిది రెండు వందల ఏళ్లు దాటిన చరిత్ర. 1808లో అదే నగరంలోని ఒక చర్చిలో నల్లవాళ్లను విడిగా కూర్చోమన్నారు. దేవుడి ముందు కూడా వేరు వరుసా అని కొందరు లేచి బయటికి వచ్చేశారు. సొంత సంఘం పెట్టుకున్నారు. వాళ్లలో అబిసీనియా, అంటే నేటి ఇథియోపియా నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ దేశం పేరే చర్చికి పెట్టుకున్నారు. ఇప్పుడున్న భవనం 1923 నాటిది. ఇక్కడ పాస్టరుగా ఉన్న ఆడమ్ క్లేటన్ పవెల్ జూనియర్ తర్వాత అమెరికా కాంగ్రెస్‌లో నల్లజాతి హక్కుల గొంతుక అయ్యాడు.

ఈ చరిత్ర తెలుగు క్రైస్తవులకు పరాయిది కాదు. 1878 జులై 3న ఒంగోలు సమీపంలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇప్పించినది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ సంఘం. నదిలో దిగినవాళ్లలో అత్యధికులు మాదిగలు. ఊరు తమను బయట ఉంచితే, మనిషిగా నిలబడే చోటు కోసం వాళ్లు ఆ నీళ్లలో దిగారు. హార్లెమ్ బల్లల మీద కూర్చున్నవాళ్ల ముత్తాతలు వెతికినదీ ఆ చోటునే. ఒంగోలు, నెల్లూరు, మార్కాపురం వైపు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డ కుటుంబాలు ఈ రెండు చరిత్రలనూ పిల్లలకు పక్కపక్కన పెట్టి చెప్పాలి.

అబిసీనియన్ చర్చికి వెళ్లిన విదేశీ అతిథుల్లో అందరికంటే గొప్పగా నేర్చుకున్నవాడు దీట్రిష్ బోన్‌హోఫర్. జర్మనీలో పెద్ద ఇంట్లో పుట్టి, చిన్న వయసులోనే వేదాంతంలో డాక్టరేటు తెచ్చుకున్న యువకుడు. 1930లో న్యూయార్క్‌లోని యూనియన్ సెమినరీకి చదువుకోవడానికి వచ్చాడు. నగరంలోని సంపన్నుల చర్చిల్లో విన్న ప్రసంగాలు ఆయనకు రుచించలేదు. తోటి విద్యార్థి, అలబామాకు చెందిన నల్లజాతి యువకుడు ఫ్రాంక్ ఫిషర్ ఆయన్ని హార్లెమ్‌కు తీసుకెళ్లాడు. బోన్‌హోఫర్ ఒక్క ఆదివారంతో ఆగలేదు. నెలల తరబడి వెళ్లాడు, పిల్లలకు సండే స్కూల్ చెప్పాడు, ఇళ్లకు వెళ్లాడు. నల్లవాళ్ల ఆధ్యాత్మిక గీతాల రికార్డులు కొనుక్కుని జర్మనీ తీసుకెళ్లాడు. హిట్లర్‌కు తలవంచని పాస్టర్లను తయారుచేయడానికి నడిపిన ఫింకెన్‌వాల్డే విద్యాలయంలో తన శిష్యులకు ఆ పాటలే వినిపించాడు. 1945 ఏప్రిల్ 9న నాజీలు ఆయన్ని ఉరితీశారు. యూదుల పక్షాన నిలబడే ధైర్యం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందని వెతికినవాళ్లు హార్లెమ్ దగ్గర ఆగకుండా ముందుకు పోలేరు.

అదే హార్లెమ్‌కు తర్వాతి కాలంలో బస్సుల్లో పర్యాటకులు దిగడం మొదలైంది. గాస్పెల్ పాటలు వినాలన్న కోరిక తప్పు కాదు. చిక్కల్లా వాళ్ల తీరుతోనే. నిక్కర్లతో వచ్చారు, ప్రార్థన మధ్యలో ఫ్లాష్ వెలిగించారు, పాటలు అయిపోయి పాస్టరు వాక్యం చెప్పడం మొదలుపెట్టగానే గుంపుగా లేచి వెళ్లిపోయారు. రెండు గంటలకు పైగా సాగే ఆరాధనలో వాళ్లకు కావలసింది అరగంట కచేరీ. అబిసీనియన్ చర్చి పర్యాటకులకు వేరే వరుస పెట్టాల్సి వచ్చింది. నిక్కర్లు, స్లిప్పర్లు వద్దు, కెమెరా తీయవద్దు, మధ్యలో వెళ్లవద్దు అని నియమాలు రాసుకుంది. ఒకప్పుడు వేరే వరుసలో కూర్చోమంటే నొచ్చుకుని పుట్టిన సంఘం అది. దాని గుమ్మం ముందు అతిథులు మరో వరుసకు కారణం కావడం బాధ కలిగించే సంగతి.

మెక్సికోలో సాన్ హువాన్ చామూలా ఊరివాళ్లు ఇంకా గట్టిగా ఉన్నారు. నేల మీద పైన్ ఆకులు పరిచి, బల్లలు లేని చర్చిలో వందల కొవ్వొత్తుల మధ్య మాయా సంతతివాళ్లు మోకరిల్లి ప్రార్థిస్తారు. లోపల ఫొటో తీయడం పూర్తిగా నిషేధం. వాళ్లు చేస్తున్నది న్యాయమే. యాత్రికులు కాలినడకన చేరుకునే స్పెయిన్‌లోని సాంటియాగో కెథెడ్రల్‌లో ఎనిమిది మంది తాళ్లు లాగితే 53 కిలోల ధూపకలశం కప్పు దాకా ఊగుతుంది. అది రోజూ ఊగదు. నెలరోజులు నడిచి వచ్చిన యాత్రికుడు అది కనిపించలేదని నిరాశపడకుండా పూజలో కూర్చుంటే, ఆ కాలినడకకు అర్థం అక్కడ దొరుకుతుంది.

ఇంగ్లండ్, అమెరికా చర్చిల్లో తెలుగు అతిథికి మొదట కాస్త కొత్తగా ఉంటుంది. బూట్లతోనే లోపలికి వెళ్తారు, ఆడవాళ్ల తల మీద ముసుగు ఉండదు. ఇథియోపియాలో ఆ కొత్తదనం ఉండదు. మన పల్లె చర్చిల్లోలాగే చెప్పులు గుమ్మం బయట విడుస్తారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. తల మీద తెల్లని వస్త్రం. తెల్లవారకముందే ఆరాధన మొదలవుతుంది, గంటల తరబడి నిలబడాలి. అందుకే పెద్దలకు ఆనుకోవడానికి పొడవాటి చేతికర్రలు ఉంటాయి. పండుగ రోజు గాయకులు ఆ కర్రలు ఊపుతూ, పెద్ద డోళ్లు మోగిస్తూ, చేతిలో లోహపు గలగలలు ఆడిస్తూ మెల్లగా అడుగులు వేస్తారు. ఆ సంగీతానికి ఆరో శతాబ్దపు సెయింట్ యారెడ్ ఆద్యుడని వాళ్ల నమ్మకం. ఆరాధన భాష గీజ్. ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. అంటే అక్కడి వాళ్లలోనూ చాలామందికి ప్రతి మాటా అర్థం కాదు.

అదే దేశంలోని లాలిబెలాలో రాతిలోంచి తొలిచిన 11 చర్చిలు 1978లోనే యునెస్కో జాబితాకు ఎక్కాయి. చూడవలసినది వాటి శిల్పం ఒక్కటే కాదు. జనవరి 7న వాళ్ల క్రిస్మస్‌కు దేశం నలుమూలల నుంచి నడిచి వచ్చే జనం ఆ రాతి గుంటల అంచుల మీద తెల్లబట్టల్లో నిండిపోతారు. మామూలు రోజుల్లో కూడా చాలామంది లోపలికి రారు. ఉపవాసం చేయలేకపోయినవాళ్లు, తాము అర్హులం కామనుకున్నవాళ్లు ఆవరణలో చెట్టు కింద నిలబడే ప్రార్థన చేసుకుంటారు. అతిథి కూడా ఆ ఆవరణలోనే నిలబడితే గౌరవానికి లోటు ఉండదు.

మర్యాదల్లో అందరినీ తడబెట్టేది ప్రభు బల్ల. కేథలిక్కుల దివ్యసత్ప్రసాదం కేథలిక్కులకే. మిగతావాళ్లు కూర్చున్నచోటే ఉండిపోతే ఎవరూ ఏమీ అనుకోరు. ఇంగ్లండ్, అమెరికాల్లో చాలాచోట్ల చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వెళితే ఫాదర్ ఆశీర్వదించి పంపుతారు. ఆంగ్లికన్లు ఇతర సంఘాల్లో బాప్తిస్మం పొంది బల్లలో పాల్గొనేవారిని ఆహ్వానిస్తారు. ఆర్థడాక్స్ చర్చిల్లో సంస్కారం వాళ్ల విశ్వాసులకే అయినా, ఆరాధన చివర పంచే ఆశీర్వదించిన రొట్టెముక్కను చాలాచోట్ల బయటివాళ్లకూ పెడతారు. అనుమానం వస్తే పక్కవాళ్లను అడగాలి. కానుక సంచి వస్తే తోచింది వేయవచ్చు, వేయకపోయినా తప్పు లేదు. సియోల్‌లోని యోయిదో పూర్ణ సువార్త చర్చిలో విదేశీయులకు చెవిలో అనువాదం వినే ఏర్పాటు ఉంది. అమెరికాలో ఆరాధన తర్వాత కాఫీకి ఉండమంటారు. పిల్లల దగ్గరికి వెళ్లి నెలల తరబడి నాలుగు గోడల మధ్య ఉండిపోయే మన అమ్మానాన్నలకు ఆ కాఫీ బల్ల దగ్గరే మొదటి అమెరికన్ స్నేహితులు దొరకవచ్చు. 1842లో గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్ పెన్సిల్వేనియా లూథరన్లు పంపిన మనిషి. అక్కడి లూథరన్ చర్చిలో గుంటూరువాళ్లు తమ ఊరి పేరు ధైర్యంగా చెప్పుకోవచ్చు.

గల్ఫ్ సంగతి పూర్తిగా వేరు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లకు చర్చి చూసి వచ్చే చోటు కాదు. వారానికి ఒక్కరోజు సెలవు దొరికితే, తమ భాషలో పాట పాడుకుని, తోటి ఊరివాళ్ల ముఖం చూసే చోటు అది. అక్కడ ఆ రోజు శుక్రవారం. దుబాయ్‌లో 1967లో తెరిచిన సెయింట్ మేరీస్ చర్చికి స్థలం ఇచ్చింది అప్పటి పాలకుడు షేక్ రాషిద్. ఆ ఆవరణలో పూజలు ఎన్నో భాషల్లో సాగుతాయి. 2022 జనవరి నుంచి యూఏఈ వారాంతపు సెలవును శని, ఆదివారాలకు మార్చడంతో అక్కడ ఆదివారం మళ్లీ ఆదివారంగా మారింది. సెలవుకు దుబాయ్ వెళ్లే తెలుగు కుటుంబాలు బుర్జ్ ఖలీఫా ఎక్కిన మర్నాడు అలాంటి ఒక తెలుగు ఆరాధనలో కూర్చుని, అయ్యాక ఒకరిద్దరికి వందనాలు చెప్పి మాట్లాడితే, ఆ నగరాన్ని ఎవరి చేతులు నడుపుతున్నాయో కూడా తెలుస్తుంది.

ప్రతి ఆరాధనా మనసును కదిలిస్తుందని హామీ లేదు. డర్బన్‌లో ఉన్న రోజుల్లో గాంధీజీ ఒక క్రైస్తవ కుటుంబం కోరితే ప్రతి ఆదివారం వెస్లియన్ చర్చికి వెళ్లేవారు. ప్రసంగాల్లో ప్రాణం లేదనీ, వచ్చినవాళ్లలో భక్తి కంటే అలవాటే ఎక్కువ కనిపించిందనీ, తనకు ఒక్కోసారి కునుకు పట్టేదనీ ఆత్మకథలో రాసుకున్నారు. తర్వాత మానేసినా, నచ్చనిచోట కూడా ఆయన కొన్నాళ్లు వారం వారం వెళ్లి కూర్చున్నారన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ఇతరుల విశ్వాసం గురించి ఆయన అభిప్రాయాలు విని తెలుసుకున్నవి. అందుకే వాటికి విలువ ఉంది.

దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో తొలి బిషప్. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగినప్పుడు ఆయన ఇంకా బిషప్ కాలేదు. పాశ్చాత్యుల ముందు నిలబడి, మీ త్యాగాలకు కృతజ్ఞులం, మాకు కావలసింది మాత్రం స్నేహితులు అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. సభలో కొందరికి ఆ మాట కటువుగా తోచింది. ఆ కోరిక ఇప్పటికీ అన్ని దేశాల అతిథులకూ, ఆతిథేయులకూ వర్తిస్తుంది.

కాబట్టి విదేశీ ప్రయాణానికి టికెట్లు తీసుకునేటప్పుడు ఒక ఆదివారం ఉదయాన్ని ఖాళీగా ఉంచుకోండి. బస చేసిన వీధికి దగ్గర్లో ఉన్న చిన్న చర్చి అయినా చాలు. గుమ్మం దగ్గర రాసి ఉన్న ఆరాధన వేళ చూసుకుని, పావుగంట ముందు వెళ్లండి, ఫోను ఆపేయండి, చివరిదాకా ఉండండి. మెదక్‌కో, దోర్నకల్‌కో, మీ ఊరి చర్చికో పరదేశం మనిషి ఎవరైనా వస్తే పక్కన చోటివ్వండి. కీర్తనల పుస్తకం తెరిచి పాట నంబరు చూపించండి. ఆరాధన అయ్యాక అన్నం తిని వెళ్లమనండి.